వేరు బుడిపె తెల్లబడితే

(మాస్టారి స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ఆయన నాకు మొట్టమొదట నేర్పిన పని, బొటనవేలి గోటితో వేరు బుడిపెను విప్పి చూడటం. రెండో ఏడు చదువుతుండగా ఒక పెసర చేలోకి తీసుకెళ్లారు. మొక్కను పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "పీకితే బుడిపెలు నేలలోనే తెగిపోతాయిరా. గడ్డపలుగుతో చుట్టూ తవ్వి మట్టిపెళ్లతో సహా ఎత్తు" అన్నారు. ఆ పెళ్లను బకెట్ నీళ్లలో పెట్టి, మట్టి తనంతట తాను జారిపోయేదాకా మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టారు. కాసేపటికి వేళ్ల మీద ఆవగింజంతవి, మిరియపు గింజంతవి బుడిపెలు బయటపడ్డాయి. ఒకదాన్ని గోటితో విప్పారు. లోపల చేప మొప్ప రంగు. "ఇది పనిలో ఉంది" అన్నారు. ఇంకోటి విప్పితే లోపల ఆకుపచ్చగా ఉంది. "ఇది ముసలిదైపోయింది" అన్నారు. మూడోది పాలిపోయి తెల్లగా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది మొక్క పెట్టే తిండి తింటోంది, పని మాత్రం చెయ్యట్లేదు" అన్నారు.

ఆ మూడో బుడిపె గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను. పొలంలోకి చేరే భారలోహాలు, అంటే సీసం, కాడ్మియం, పాదరసం, నికెల్, రాగి, జింకు లాంటివి, నేలలో నత్రజని నడకను ఎక్కడ, ఎలా అడ్డుకుంటాయో చెప్పడానికి దానికంటే మంచి సాక్షి నాకు దొరకలేదు.

బుడిపె లోపలి ఎరుపు ఎక్కడిదో ముందు చెప్పుకుందాం. అది లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం రంగు. మన నెత్తుటిలో ఉండే హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. గాలిలో నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చాలు, చెడిపోతుంది. కానీ ఆ ఎంజైమును తయారుచేసే రైజోబియం బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును విడగొట్టేది లెగ్‌హీమోగ్లోబిన్. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, అవసరమైనంత మాత్రమే కొలిచినట్టు అందిస్తుంది. లోపల ఎరుపు లేదంటే నత్రజని స్థాపన జరగడం లేదనే అర్థం. పప్పుజాతి మొక్కలకూ ఈ బుడిపెలకూ ఉన్న సంబంధాన్ని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886లో బయటపెట్టారు. రెండేళ్లకే, 1888లో, హాలండ్‌లో బైయెరింక్ ఆ బాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే మనవాళ్లు వరి కోసిన మడిలో పిల్లిపెసర చల్లుతున్నారు, దమ్ముకు ముందు జీలుగు, జనుము కలియదున్నుతున్నారు. దాని పేరు వాళ్లకు తెలియకపోవచ్చు, ఫలం తెలుసు.

ఇక అసలు కథ ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్ జిల్లా ఓబర్న్ అనే చోట మొదలవుతుంది. రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రానికి అక్కడ ఇసుక పాలు ఎక్కువగా ఉన్న తేలికపాటి నేలలో ఒక ప్రయోగ క్షేత్రం ఉంది. 1942లో, యుద్ధం మధ్యలో, కూరగాయల సాగుకు ఏ సేంద్రియ ఎరువు బాగుంటుందో తేల్చుకోవాలని అక్కడ మడులు కట్టారు. కొన్నిటికి పశువుల పెంట, కొన్నిటికి కంపోస్టు, కొన్నిటికి లండన్ పశ్చిమ ప్రాంతపు మురుగు శుద్ధి కేంద్రం నుంచి తెచ్చిన బురద. మురుగు బురద వెయ్యడం 1961లో ఆపేశారు. ఆ తర్వాత ఆ మడుల్లో మామూలు పైర్లే వేశారు. చూడటానికి ఏ తేడా లేదు.

1980లలో మెక్‌గ్రాత్, బ్రూక్స్, గిల్లర్ మొదలైన శాస్త్రవేత్తలు ఆ మడుల మట్టిని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. బురద ఆపి 20 ఏళ్లు దాటినా అది మోసుకొచ్చిన జింకు, రాగి, కాడ్మియం, నికెల్ పైమట్టిలోనే ఉన్నాయి. పశువుల పెంట వేసిన మడితో పోలిస్తే ఈ మట్టిలో సూక్ష్మజీవుల మొత్తం రాశి సుమారు సగానికి పడిపోయి ఉంది. తర్వాత ఆ మట్టిలో తెల్ల క్లోవర్ వేశారు. క్లోవర్ అంటే మనం పశుగ్రాసంగా వేసే బర్సీంకు దాయాది. మొక్కలు గిడసబారాయి, ఆకులు పసుపెక్కాయి. వేళ్లకు బుడిపెలు ఉన్నాయి, కానీ చిన్నవి, లోపల తెల్లనివి. అదే మట్టికి నత్రజని ఎరువు వేస్తే అదే క్లోవర్ చక్కగా పెరిగింది.

ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగమని విద్యార్థులను ప్రత్యేకంగా అడుగుతున్నాను. లోహం మొక్కను కాటేసి ఉంటే, ఎరువు వేసినా మొక్క తేరుకునేది కాదు. తేరుకుంది. అంటే దెబ్బ తగిలింది మొక్కకు కాదు, దాని కూలివాడికి. ఆ కూలివాడు ఎవడో తెలుసుకుందామని బుడిపెల్లోంచి బాక్టీరియాను తీసి, వాటి ప్లాస్మిడ్ల (కణంలో విడిగా ఉండే డీఎన్‌ఏ ముక్కల) గుర్తులు పట్టి చూశారు. పశువుల పెంట వేసిన మడిలో రకరకాల రైజోబియం తెగలున్నాయి. మురుగు బురద వేసిన మడిలో మిగిలింది ఒక్కటే తెగ. అది వేరులోకి దూరగలదు, బుడిపె కట్టించగలదు, మొక్క ఇచ్చే పిండిపదార్థం తినగలదు. తెల్ల క్లోవర్‌కు నత్రజని మాత్రం ఇవ్వలేదు. 1989లో గిల్లర్, మెక్‌గ్రాత్, హిర్ష్ ఈ ఫలితాన్ని ప్రచురించారు. మాస్టారు ఆ వ్యాసం కాపీని పట్టుకుని తరగతిలోకి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయన అరచేతిలో పెట్టుకుని చూసిన తెల్ల బుడిపెకు అక్కడ జవాబు దొరికింది.

పనిచేసే తెగలు ఎందుకు పోయాయి? బుడిపె లోపల రైజోబియానికి రక్షణ ఉంటుంది. మొక్క దానికి ఇల్లు. కానీ పైరు పైరుకూ మధ్య, పప్పుజాతి మొక్క లేని నెలల్లో, అది ఒంటరిగా మట్టిలో బతకాలి. మట్టి కణాల మధ్య సన్నటి నీటి పొరలో కరిగి ఉన్న లోహం దాన్ని పట్టుకునేది అప్పుడే. కాడ్మియం లాంటివి కణంలోకి వెళ్లి ఎంజైముల్లోని గంధకపు కొసలను అంటిపెట్టుకుంటాయి, జింకు ఉండాల్సిన చోట తాము కూర్చుంటాయి. ఎంజైము ఆకారం చెడుతుంది. అందువల్ల ఇవాళ విత్తనానికి రైజోబియం పట్టించి వేస్తే ఈ పంటకు బుడిపెలు బాగానే రావచ్చు. వచ్చే ఏటికి ఆ బాక్టీరియా ఆ నేలలో ఉంటుందన్న భరోసా లేదు.

ఇంతకీ ఎంత లోహం? ఐరోపా సమాజం 1986లో మురుగు బురద వాడకంపై ఒక ఆదేశం తెచ్చింది. కిలో మట్టిలో జింకు 150 నుంచి 300 మిల్లీగ్రాములు, కాడ్మియం 1 నుంచి 3 మిల్లీగ్రాములు దాటకూడదని అందులో హద్దులు గీశారు. ఆ హద్దులకు దగ్గరలోనే రైజోబియం నష్టపోతోందని ఓబర్న్ మట్టి చూపించింది. లోహాలన్నిటిలో అనుమానం ఎక్కువగా నిలిచింది జింకు మీదే. దాంతో 1993లో బ్రిటన్ నిపుణుల సంఘం జింకు హద్దును 300 నుంచి 200 మిల్లీగ్రాములకు దించమని సిఫారసు చేసింది, అదీ నేలలోని సూక్ష్మజీవుల కోసం. సరిగ్గా అదే 1993లో అమెరికా తన నిబంధనలు తెచ్చింది. హెక్టారుకు మొత్తం మీద 2,800 కిలోల జింకు దాకా చేరవచ్చని అందులో ఉంది. పైమట్టిలో కలిస్తే అది కిలోకు సుమారు 1,400 మిల్లీగ్రాములు. ఒకే లోహం, ఒకే ఏడాది, ఏడు రెట్ల తేడా. అమెరికావాళ్లు చూసుకున్నది మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, పైరు ఎదుగుదల. బ్రిటన్‌వాళ్లు కంటికి కనపడని బాక్టీరియాను కూడా లెక్కలో వేసుకున్నారు. నా మట్టుకు నేను రెండో పద్ధతినే సమర్థిస్తాను. పైరు ఎండిపోయేదాకా ఆగితే నేల పాడయి అప్పటికే ఎన్నో ఏళ్లయి ఉంటుంది.

నత్రజని కథ బుడిపెతో అయిపోదు. చచ్చిన ఆకు, వేరు, పెంట కుళ్లి అమ్మోనియా రావాలి. అమ్మోనియా నైట్రేటు కావాలి. నీళ్లు నిలిచినచోట ఆ నైట్రేటు తిరిగి గాలిలోకి పోతుంది. వీటిలో మొదటి పని చేసే జీవులు లెక్కలేనన్ని: బూజులు, బాక్టీరియా, వానపాముల పొట్టలో ఉండేవి. లోహం కొన్నిటిని చంపినా మిగిలినవి ఆ పని అందుకుంటాయి. పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఒకరు మంచాన పడితే వంట ఆగనట్టు. రెండో పని అయిన నత్రీకరణ అలా కాదు. అది చేతనైనవి చాలా తక్కువ. నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ లాంటి కొన్ని బాక్టీరియా, వాటితోపాటు 2005లో గుర్తించిన అమ్మోనియా ఆర్కియా. మెల్లగా పెరుగుతాయి, తొందరగా నొచ్చుకుంటాయి.

నత్రీకరణ చేసేది ప్రాణమున్నవేనని మొదట చూపించిన ప్రయోగం మాస్టారికి ఎంతో ఇష్టం. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యుంజ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి పైనుంచి మురుగునీళ్లు వదిలారు. ఇరవై రోజుల దాకా కిందికి అమ్మోనియా అమ్మోనియాగానే దిగింది. ఆ తర్వాత నైట్రేటుగా మారి రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆగిపోయింది. ఆవిరి పోగొట్టి, గుప్పెడు మంచి మట్టి కలిపిన నీళ్లు పోస్తే మళ్లీ మొదలైంది. ఆ చిన్న ప్రయోగంలో క్లోరోఫాం చేసిన పనినే నేలలో లోహం చేస్తుంది. తేడా ఏమిటంటే క్లోరోఫాం ఎగిరిపోతుంది, లోహం ఎగిరిపోదు. పురుగుమందు ఎంత చెడ్డదైనా ఏదో ఒకనాడు విరిగి ముక్కలవుతుంది. జింకు మూలకం. విరగడానికి అందులో ఏమీ లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. జింకు ఎక్కువైన కొన్ని నేలల్లో కొన్నేళ్లకు నత్రీకరణ తిరిగి కోలుకున్నట్టు కూడా పరిశోధకులు చూశారు. జింకుకు రాటుదేలిన బాక్టీరియా పైకి వచ్చి ఆ ఖాళీ నింపాయి. ప్రకృతి చేతులు ముడుచుకుని కూర్చోదు. అయితే ఓబర్న్‌లో రాటుదేలి మిగిలిన రైజోబియం తెగ ఏం చేసిందో విన్నారు కదా. బతకడం నేర్చుకుంది, పని చెయ్యడం మాత్రం దానికి రాదు.

లోహాలన్నీ శత్రువులేనని మీరు ఇంటికెళ్లి అనుకుంటే నా ఉపన్యాసం దారి తప్పినట్టే. మీరు పొలంలో చల్లే యూరియాను అమ్మోనియాగా విడగొట్టేది యూరియేజ్ అనే ఎంజైము. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ తమ్మకాయ జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి దాన్ని స్ఫటికాలుగా తీశాడు. ప్రపంచంలో స్ఫటికంగా చూసిన మొదటి ఎంజైము అదే. ఆ పనికి అతనికి 1946లో నోబెల్ వచ్చింది. ఆ ఎంజైము గుండెలో నికెల్ ఉందని ఆస్ట్రేలియాలో కనిపెట్టింది 1975లో. నికెల్ లేకపోతే యూరియా యూరియాగానే పడి ఉంటుంది. నైట్రోజినేజ్‌కు మాలిబ్డినం, ఇనుము కావాలి. అమ్మోనియాను మార్చే ఎంజైముకు రాగి కావాలి. జింకు సంగతి మన వరి రైతులకు చెప్పనే అక్కర్లేదు. హిమాలయాల దిగువ తెరాయి ప్రాంతపు వరిలో ఖైరా అనే తెగులు ఉండేది. దానికి కారణం జింకు లోపమని 1966లో పంత్‌నగర్‌లో తేల్చిన వై.ఎల్. నేనే గారే తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేశారు, సికింద్రాబాద్‌లో ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ నెలకొల్పారు. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వెయ్యమని ఇవాళ మన వ్యవసాయ శాఖవారు చెప్పడం వెనక అలాంటి పనులున్నాయి. ఆ సలహా సరైనదే. ప్రశ్న మోతాదుది, అది ఎక్కడ ఆగాలన్నది.

రాగి విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. నైట్రేటు తిరిగి గాలిలోకి పోయే పనిని వినత్రీకరణ అంటారు. దాని చివరి మెట్టులో నైట్రస్ ఆక్సైడు అనే వాయువు హాని లేని నత్రజని వాయువుగా మారాలి. ఆ మార్పు చేసే ఎంజైము రాగితోనే పనిచేస్తుంది. కానీ లోహాలు మితిమీరితే ముందు వెనకబడేదీ అదేనని ప్రయోగాలు చూపించాయి. అప్పుడు వాయువు సగం దారిలోనే నేలను వదిలి గాలిలో కలుస్తుంది. నూరేళ్ల లెక్కన నైట్రస్ ఆక్సైడు బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. రైతు జేబులోంచి పోయే నత్రజని ఆకాశానికీ బరువవుతుంది.

నేల పులుపెక్కితే ఇదంతా తీవ్రమవుతుంది. ఉదజని సూచిక (పీహెచ్) ఒక్క మెట్టు దిగితే కరిగి ఉండే జింకు, రసాయన సూత్రం ప్రకారం, వంద రెట్లు పెరుగుతుంది. మరి నేలను పులుపెక్కించేది ఏది? అమ్మోనియా నైట్రేటుగా మారే ప్రతిసారీ ఆమ్లం పుడుతుంది. అంటే బుడిపె చేయాల్సిన పనిని యూరియా బస్తాతో చేయించుకుంటూ పోతే, ఆ యూరియాయే మెల్లగా లోహాన్ని కరిగించి మిగిలిన బుడిపెల మీదకు వదులుతుంది. నల్లరేగడిలో బంకమన్ను, సున్నం ఎక్కువ. అవి లోహాన్ని గట్టిగా పట్టుకుంటాయి. మన ఎర్ర చెలకల్లో బంకమన్ను తక్కువ, సేంద్రియ పదార్థం ఇంకా తక్కువ. ఓబర్న్ ఇసుక నేలకు మన చెలకే దగ్గరి చుట్టమని నేననుకుంటాను. వరి మడిది మరో దారి. నీళ్లు నిలిచి ఉన్నన్నాళ్లు కాడ్మియం గంధకంతో కలిసి కరగకుండా ఉంటుంది, మడి ఆరగట్టగానే విడుదలవుతుంది. జపాన్‌లో జింజు నది ఆయకట్టు బియ్యం తిన్నవారికి ఎముకలు విరిగేంత జబ్బు వచ్చింది ఆ కాడ్మియంతోనే. అక్కడి ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా 1968లో ఒప్పుకుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. హైదరాబాద్ దాటిన తర్వాత మూసీ ఒడ్డున ప్రతాపసింగారం, ఎదులాబాద్ వైపు వెళ్లినవారికి తెలుసు. వేసవిలో కూడా పచ్చగా గడ్డి, ఆకుకూరలు, వరి. నగరం వాడి వదిలిన నీరే ఆ పచ్చదనానికి ఆధారం. ఆ నీటిలో నత్రజని దండిగా ఉంటుంది, యూరియా తగ్గించుకోవచ్చని రైతులు అనుభవంతో తెలుసుకున్నారు. నగరం దగ్గరి అలాంటి ఒక మురుగు కాలవ కింద పొలానికే మాస్టారు మమ్మల్ని ఒకసారి తీసుకెళ్లారు. పిల్లిపెసర నల్లగా, ఏపుగా ఉంది. తవ్వి కడిగి చూస్తే వేళ్లు నున్నగా ఉన్నాయి, వెతికినా నాలుగు బుడిపెలు లేవు. "లోహాలు చంపేశాయి సార్" అని నేనే ముందు అన్నాను.

మాస్టారు నా వైపు చూడకుండా పొలం పెద్దాయనను అడిగారు: "పెద్దాయనా, ఈ నీళ్లు పెట్టని మడి ఏదైనా ఉందా?"

"గట్టు పైన బోరు కింద ఓ గుంట మడి ఉంది సారూ. గదే ఇత్తనం ఏసిన."

అక్కడా తవ్వాం. బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. అయినా మాస్టారు నా తొందరను ఒప్పుకోలేదు. "కడుపు నిండిన మొక్క బుడిపె కట్టదురా. మురుగులో నైట్రేటు ఉంటే దానికి రైజోబియం అవసరమే లేదు, లోపలికి రానివ్వదు. బుడిపె లేకపోవడం వేరు, తెల్ల బుడిపె ఉండటం వేరు. మొదటిది చూసి లోహమని చెప్పావంటే ఈ రైతుకు అన్యాయం చేసినట్టే" అన్నారు. రెండు మడుల మట్టినీ సంచుల్లో నింపి, కుండీల్లో పోసి, మామూలు నీళ్లతో పెసర పెంచి చూడమన్నారు. కోపంగా ఆయన మాట్లాడటం నేను విన్న కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ కోపం నాకు జీవితాంతం పనికొచ్చింది.

ఆ మట్టినే చాలా ఏళ్ల తర్వాత ఒక పరీక్షా కేంద్రానికి నేను పంపాను. కాగితం తిరిగి వచ్చింది. నత్రజని మధ్యస్థం, జింకు "సరిపడా ఉంది" అని టిక్కు. సరిపడాను దాటి ఎంత ఉందని ఫోన్ చేసి అడిగితే, "ఫారంలో ఆ గడి లేదండి" అన్నారు. వాళ్ల తప్పు లేదు. నిజంగానే లేదు. 2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార ఆరోగ్య పత్రంలో 12 అంశాలున్నాయి. అందులో జింకు, రాగి ఉన్నాయి, కానీ లోపం ఉందా లేదా అని చూడటానికి మాత్రమే. మట్టిలో మొక్కకు అందే జింకు కిలోకు 0.6 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వెయ్యమంటారు. ఎంత దాటితే ఆపాలో చెప్పే గీత లేదు. కాడ్మియం, సీసం పేర్లే లేవు. నత్రజనిని కొలిచే పద్ధతి 1956లో సుబ్బయ్య, అసీజా రూపొందించింది. పర్మాంగనేటుతో మట్టిని ఉడికించి తేలిగ్గా వచ్చే నత్రజనిని లెక్కిస్తారు. సులువైన, మంచి పద్ధతి. కానీ ఆ సీసాలో మట్టిని కదిలించేది పర్మాంగనేటు. పొలంలో ఆ పని చేసే జీవి బతికుందో లేదో అది చెప్పలేదు.

లోహం ఎంత మెల్లగా చేరుతుందో ఒక్క లెక్క చెబుతాను. నగర చెత్త కంపోస్టుకు మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు హద్దులు పెట్టింది. కిలోకు జింకు 1,000, రాగి 300, సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు. సరిగ్గా హద్దు మీదున్న కంపోస్టు ఎకరాకు 4 టన్నులు వేస్తే 4 కిలోల జింకు చేరుతుంది. 20 కిలోల జింకు సల్ఫేటులో ఉండేదీ దాదాపు అంతే. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అంటే ఒక్కసారికి కిలో మట్టికి నాలుగున్నర మిల్లీగ్రాములు పెరుగుతుంది. మరి బయటికి పోయేది? 25 క్వింటాళ్ల ధాన్యంతో పోయే జింకు 50 గ్రాములు, గడ్డితో కలిపి చూసినా 200 గ్రాముల లోపే. భయపడాల్సిందేమీ లేదని మొదటి పదేళ్లు అనిపిస్తుంది. అదే పొలంలో కంపోస్టు, జింకు సల్ఫేటు, కోళ్ల ఎరువు, తోటలో రాగితో చేసే బోర్డో మిశ్రమం అన్నీ కలిసి ముప్పై, నలభై ఏళ్లు పడితే లెక్క మారుతుంది. కోళ్ల దాణాలో కలిపే జింకు, రాగి చాలావరకు పెంటలోకే వస్తాయని మన రాష్ట్రాల్లో అందరూ గుర్తుంచుకోవాలి. ఫాస్ఫేటు ఎరువుల్లో రాతి నుంచి వచ్చే కాడ్మియానికి ఐరోపా 2022 నుంచి కిలో ఫాస్ఫేటుకు 60 మిల్లీగ్రాముల హద్దు అమలు చేస్తోంది.

నష్టం బరువు ఎంత? 1980ల మొదట్లో ఇక్రిశాట్ ప్రయోగాల్లో, కంది తర్వాత వేసిన మొక్కజొన్నకు హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినంత మేలు కనిపించింది. ఎకరాకు లెక్కేస్తే అది 35 కిలోల యూరియా, అంటే 45 కిలోల బస్తాలో ముప్పాతిక. బుడిపెలు తెల్లబడిన చేలో రైతు ఆ ముప్పాతిక బస్తా అదనంగా కొంటాడు. ఎందుకు కొంటున్నాడో ఆయనకు తెలియదు. నేల సారం తగ్గిందనుకుంటాడు. యూరియా పడగానే పైరు పచ్చబడుతుంది, అడగాల్సిన ప్రశ్న ఆ పచ్చదనం కింద మునిగిపోతుంది.

అందుకే ఈ వేదిక నుంచి మూడు చోట్లకు నా విన్నపం. భూసార పరీక్షా కేంద్రాలు నడిపే పెద్దలకు: జింకు, రాగి గడుల్లో "ఎక్కువ" అనే మాటకు చోటు పెట్టండి. మురుగు కాలవల కింద, పరిశ్రమల దగ్గర, కోళ్ల ఫారాల చుట్టూ ఉన్న పొలాల్లో అయిదేళ్లకొకసారైనా కాడ్మియం, సీసం చూడండి. హద్దులు గీసేటప్పుడు పైరును కాక రైజోబియాన్ని ముందు పెట్టుకోండి. విద్యార్థులకు: కుండీ, మట్టి, పెసర గింజలు. ఇంతకన్నా ఖరీదైన పరికరం అక్కర్లేని పరిశోధన మీ ముందుంది. ఊరూరి మట్టి తెచ్చి చెయ్యండి. తెల్ల బుడిపె కనపడినా వెంటనే లోహమని రాయకండి. పులుపు, మాలిబ్డినం లోపం, నీటి ఎద్దడి, అన్నీ చూసుకున్నాకే రాయండి.

రైతు సోదరులకు: ఈసారి పెసరో, మినుమో, వేరుశనగో పూతకు వచ్చినప్పుడు పొలంలో నాలుగు చోట్ల మొక్కను పీకకుండా గడ్డపలుగుతో తవ్వండి. బకెట్ నీళ్లలో మట్టి జారనిచ్చి, పది బుడిపెలు గోటితో విప్పి చూడండి. ఎర్రగా ఉంటే నిశ్చింతగా ఉండండి. తెల్లగా ఉంటే ఆ మట్టిని ఒక సంచిలో పోసి, ఏ నీరు పెట్టారో, ఏ ఎరువు ఎన్నేళ్లుగా వేస్తున్నారో ఒక చీటీ రాసి, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. ఆ చీటీ మాత్రం తప్పకుండా రాయండి.